ఆర్మరర్ ఆడదామనుకుంటున్నారా? మా విజయనగరం టేబుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఆదివారాలు మేం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, డైస్ వేస్తూ మాటలతో కథ నడిపే పాత్రల ఆట. బొబ్బిలి నుంచీ, ఆమదాలవలస నుంచీ రైలెక్కి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆట తెలుగులోనే నడుస్తుంది, రూల్స్ పేర్లు మాత్రం ఇంగ్లిషువే ఉంచేశాం. కొత్తగా చేరేవాళ్లలో చాలామంది కన్ను ముందు ఆర్మరర్ మీద పడుతుంది. తన కవచం తనే చేసుకుని, అదే తొడుక్కుని, ముందు నిలబడి మిగతావాళ్లని కాచే పాత్ర కదా, పడకుండా ఎలా ఉంటుంది! ఆ తర్వాత వాట్సాప్‌లో ఒకటే ప్రశ్నలు. డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) కుర్చీలో కూర్చునేది నేనే కాబట్టి అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను.

లెక్కలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం. 2024లో రూల్స్ తిరగరాశారు గానీ, ఆ ఏడాది వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆర్మరర్‌కి మూలమైన ఆర్టిఫిసర్ క్లాసే (క్లాసంటే పాత్ర చేసే వృత్తి) లేదు. మా టేబుల్ ఇంకా పాత పుస్తకాల మీదే నడుస్తోంది.

ఇంతకీ ఆర్మరర్ అంటే ఎవరు?

ఆర్టిఫిసర్ అనే క్లాసులో ఒక శాఖ. ఆర్టిఫిసర్ అంటే మంత్రాన్ని పనిముట్లతో చేసేవాడు. ఈ క్లాసు 2004లో ఎబెరాన్ అనే ఆట లోకంతో పాటు పుట్టింది. ఐదో ఎడిషన్‌లోకి 2019లో వచ్చింది. ఆర్మరర్ శాఖ 2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకంలో చేరింది.

మొదటి రెండు లెవెల్స్ మామూలు ఆర్టిఫిసర్‌గానే ఉంటారు. మూడో లెవెల్లో శాఖ ఎంచుకుంటే బరువు కవచం వాడే శిక్షణ, కమ్మరి పనిముట్ల శిక్షణ, ఆర్కేన్ ఆర్మర్ (మంత్రించిన కవచం) అనే అసలు సరుకు ఒకేసారి వస్తాయి. అంతవరకు స్కేల్ మెయిల్‌తో (పొలుసుల కవచం) సర్దుకోవాలి. మొదటి సెషన్లోనే నిలువెల్లా ఉక్కుతో దిగిపోదామనుకుని వచ్చినవాళ్లకి ఇక్కడే కాస్త నిరాశ.

ఉచితంగా దొరికే బేసిక్ రూల్స్ చాలవా?

చాలవు. వాటిలో ఆర్టిఫిసర్ లేదు. టేబుల్ దగ్గర నా పుస్తకం ఉంటుంది, వచ్చి చూసుకోండి.

కవచం నిజంగా నేనే తయారు చేయాలా? కొనుక్కుంటే కుదరదా?

కొనుక్కోవచ్చు, దొరికింది తొడుక్కోవచ్చు, చచ్చిన శత్రువు ఒంటి మీది నుంచి ఊడదీసుకోవచ్చు. కమ్మరి పనిముట్లు చేతిలో ఉంటే, మీరు వేసుకున్న ఏ కవచాన్నైనా ఒక్క యాక్షన్‌లో (మీ వంతులో చేసే ప్రధానమైన పని) ఆర్కేన్ ఆర్మర్‌గా మార్చేయొచ్చు. పేరులో ఉన్నంత తయారీ రూల్స్‌లో లేదు, అది ముందే చెప్పడం మంచిది.

సొంతంగా కొట్టుకుందాం అంటే లెక్క చూడండి. ప్లేట్ కవచం (నిలువెల్లా ఉక్కు రేకులది) వెల 1500 బంగారు నాణేలు. 2014 రూల్స్ ప్రకారం ఒక మనిషి రోజంతా పనిచేస్తే 5 నాణేల విలువైన పని తెములుతుంది, ముడిసరుకుకి సగం ధర పెట్టాలి. అంటే 750 నాణేలూ, 300 రోజులూ. ఏడాదిలో మిగిలేది రెండు నెలలు. ఈలోగా మీ తోటివాళ్లు డ్రాగన్‌ని చంపేసి, బంగారం పంచేసుకుని, పెళ్లిళ్లు కూడా చేసేసుకుంటారు. 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ రూల్స్ కాస్త దయతలచి దాన్ని 30 పని వారాలకి దించాయి. అయినా ఎక్కువే.

మా టేబుల్లో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. చెయిన్ మెయిల్‌తో (గొలుసు కవచం) మొదలుపెట్టండి, దాని వెల 75 నాణేలే. కథలో దొరికిన ప్రతి ఉక్కు ముక్కనీ, రాక్షసుడి పొలుసునీ, విరిగిన డాలునీ రాసి పెట్టుకోండి. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రోజులు గడిచినప్పుడు కొలిమి దగ్గర ఏం చేశారో రెండు వాక్యాల్లో చెప్పండి. భుజం రేకు ఈ వారం, మోకాలి చిప్ప పై వారం. ఐదో లెవెల్ వచ్చేసరికి ప్లేట్ పూర్తయిందని నేను ఒప్పేసుకుంటాను. పుస్తకంలో లేని రాయితీయే ఇది. కానీ కవచం చేసేవాడి పాత్ర తీసుకుని, కవచం సంతలో కొనుక్కోమంటే ఆడేవాడికి సరదా ఏముంటుంది?

పనిముట్లు పోతే కంగారు పడొద్దు. మూడో లెవెల్ ఆర్టిఫిసర్ చేతిలో దొంగల పనిముట్లో టింకర్ పనిముట్లో ఉంటే, ఒక గంటలో కమ్మరి పనిముట్ల సెట్టు సృష్టించుకోగలడు.

నా పాత్ర బలం 8. ప్లేట్ ఎలా మోస్తాడు?

కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన గడ్డ మనది, బలం 8 అని రాయడానికి చాలామందికి చెయ్యి రాదు. రాసేయండి, ఫర్వాలేదు. మామూలుగా ప్లేట్‌కి బలం 15 కావాలి, లేకపోతే నడక 10 అడుగులు తగ్గుతుంది. ఆర్కేన్ ఆర్మర్‌కి ఆ షరతు లేదు.

బరువు మాత్రం ఎక్కడికీ పోదు. ప్లేట్ 65 పౌండ్లు, డాలు 6. బలం 8 ఉన్నవాడు మొత్తం 120 పౌండ్ల వరకు మోయగలడు. మిగిలిన 49 పౌండ్లలోనే తాడు, తిండి, పనిముట్లు, దోచుకున్నది అన్నీ సర్దుకోవాలి. బంగారం మూట ఇంకొకడి భుజాన వేయండి.

పాయింట్లు తెలివిలో పెట్టండి. కవచంలోని ప్రత్యేక ఆయుధంతో కొట్టేటప్పుడు గురికీ, దెబ్బకీ బలం బదులు తెలివినే కలుపుకోవచ్చు. తర్వాత కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం). డెక్స్‌టెరిటీని (చురుకుదనం) మరీ 8కి దించకండి, ప్లేట్ వేసుకుంటే ఏసీకి (ఆర్మర్ క్లాస్, మీకు దెబ్బ తగలాలంటే శత్రువు డైస్ అందుకోవాల్సిన అంకె) అది అక్కర్లేకపోయినా ఫైర్‌బాల్ మంత్రం పడ్డప్పుడు తప్పించుకోవడానికి కావాలి.

గార్డియన్ తీసుకోవాలా, ఇన్‌ఫిల్ట్రేటర్ తీసుకోవాలా?

ఆర్మరర్ కవచానికి ఉన్న రెండు మోడల్స్ ఇవి. కాచేవాడిగా ఆడాలంటే గార్డియన్. ఇన్‌ఫిల్ట్రేటర్‌ది వేరే పని. 90 అడుగుల నుంచి మెరుపు విసరడం, 5 అడుగులు ఎక్కువ నడవడం, చప్పుడు కాకుండా పోవడం. షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) గానీ లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర) గానీ అయ్యాక, పనిముట్లుంటే మోడల్ మార్చుకోవచ్చు. కాబట్టి ఇది జీవితకాలం ఒప్పందమేమీ కాదు. రేపు దొంగతనంగా కోటలో దూరాలంటే ఈ రాత్రి మార్చేసుకోండి. గార్డియన్‌గా ఉండి ప్లేట్‌లో నక్కి నక్కి నడుద్దామంటే మాత్రం ఆ చప్పుడుకి స్టెల్త్ (నక్కి నడిచే నేర్పు) మీద డిస్‌అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి చిన్నది తీసుకోవడం, తప్పదు.

ఈ పేజీలో ఇక మీదట చెప్పేదంతా గార్డియన్ గురించే.

నా ఏసీ 21. అయినా శత్రువు నన్ను వదిలేసి మా విజర్డ్ (మంత్రగాడు) మీద పడుతున్నాడు. ఏం చేయాలి?

నాకు బాగా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఎవరూ కొట్టలేనంత గట్టిగా ఉన్నవాడిని ఎవరూ కొట్టరు, పక్కన పెట్టి పోతారు. డీఎంగా నా రాక్షసుడికి కాస్త బుర్ర ఉంటే నేనూ అదే చేస్తాను. ఏసీ పెంచుకోవడంతో కాచేవాడి పని అయిపోయిందనుకుంటే, మీరు కాచేది మిమ్మల్ని మాత్రమే.

గార్డియన్‌కి దీనికి మందు ఉంది, థండర్ గాంట్లెట్లు. ఆ ఇనప చేతులతో ఎవరికి దెబ్బ తగిలినా, మీ తర్వాతి వంతు మొదలయ్యే దాకా వాడు మిమ్మల్ని తప్ప ఇంకెవరిని కొట్టబోయినా డిస్‌అడ్వాంటేజ్.

లెక్కలో చూపిస్తాను. ఐదో లెవెల్ గార్డియన్. ప్లేట్‌కి 18, డాలుకి 2, ఎన్‌హాన్స్‌డ్ డిఫెన్స్ ఇన్‌ఫ్యూజన్‌కి (ఇన్‌ఫ్యూజన్ అంటే ఆర్టిఫిసర్ వస్తువులో నింపే మంత్రశక్తి) 1, మొత్తం ఏసీ 21. ఎదురుగా ఒక ఓగర్ అనే రాక్షసుడు, దాని గురి (డైస్ మీద పడ్డదానికి కలిపేది) +6, తగిలితే సగటున 13 దెబ్బ. వెనకాల విజర్డ్, ఏసీ 12.

ఓగర్ మిమ్మల్ని కొట్టాలంటే డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. అంటే నూటికి 30 సార్లు. విజర్డ్‌ని కొట్టాలంటే 6 పడితే చాలు, నూటికి 75. మీరేం చేయకుండా నిలబడితే ఓగర్ ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ గాంట్లెట్ దానికి తగిలింది. విజర్డ్‌కి దెబ్బ తగిలే అవకాశం 75 నుంచి 56కి పడిపోయింది. సగటు దెబ్బ 9.75 నుంచి 7.3కి దిగింది. మీ మీదకి వస్తే ఇంకా 30 మాత్రమే. ఎటు తిరిగినా ఓగర్‌కి నష్టమే, ఏ నష్టం భరించాలో అది తేల్చుకోవాలి.

దెబ్బ తగలకపోతే ఏం చేయాలని అడుగుతారు. ఐదో లెవెల్లో మీకు రెండు దెబ్బలు. తెలివి 18 ఉంటే గురి +7. ఓగర్ ఏసీ 11 కాబట్టి ఒక్కో దెబ్బ తగిలే అవకాశం నూటికి 85. రెండూ తప్పడం అంటే నూటికి రెండుసార్ల మాట. ఇంకో సంగతి, రెండు దెబ్బలూ ఒకడికే కొట్టాలని లేదు. ఇద్దరు ఓగర్లుంటే ఒకడికొకటి తగిలించండి, ఇద్దరికీ డిస్‌అడ్వాంటేజ్. పూర్వీకుల ఆత్మలతో ఇలాంటి పనే చేసే బార్బేరియన్ శాఖ ఒకటి ఉంది గానీ, దానికి వంతుకి మొదట తగిలినవాడొక్కడే. ఈ విషయంలో ఆర్మరర్ మెరుగు.

మీ పక్క నుంచి తప్పించుకుపోయేవాడికి రియాక్షన్‌తో (మీ వంతు కానప్పుడు కూడా చేయగలిగే ఒక పని) గాంట్లెట్ తగిలినా ఇదే ఫలితం. వాడు విజర్డ్ దగ్గరికి చేరతాడు, కానీ చేరేసరికి డిస్‌అడ్వాంటేజ్‌తో ఉంటాడు.

ఇక ఎక్కడ నిలబడాలి? గుమ్మంలో. మన కోట పెద్ద ద్వారం ఎప్పుడైనా చూసే ఉంటారు, 1713లో కట్టినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. మైదానంలో గార్డియన్ చుట్టూ తిరిగి పోవడానికి దారి ఉంటుంది, ఐదడుగుల తలుపులో ఉండదు. సెషన్లో గది బొమ్మ గీసి పెట్టగానే మీ కళ్లు ముందు తలుపులు వెతకాలి.

మాటలతో కూడా పని జరుగుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చే మా ఆటగాడొకడు గాంట్లెట్ తగలగానే లేచి నిలబడి, "ఏట్రా, నన్నొగ్గేసి అటెల్తన్నావేటి? ఇటు సూడు!" అని అరుస్తాడు. రూల్స్‌లో దానికి బోనస్ ఏమీ లేదు. ఓగర్ మాత్రం చాలాసార్లు ఇటే చూస్తుంది. డీఎం కూడా మనిషే కదా.

డాలు పట్టుకుంటే గాంట్లెట్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఏ చేతిలో ఏమీ లేదో ఆ చేతి గాంట్లెట్ ఆయుధం. ఎడమ చేత డాలు, కుడి చెయ్యి ఖాళీ, అంతే. కవచమే మీ మంత్రాల ఫోకస్ (మంత్రం వేసే సాధనం) కూడా కాబట్టి ఆ ఖాళీ చేత్తోనే మంత్రం కూడా వేసుకోవచ్చు. కత్తీ డాలూ పట్టుకున్న పాలడిన్ (మంత్రాలు కూడా వేసే యోధుడు) పడే తిప్పలు మీకు లేవు. కుడి చేత్తో కాగడా పట్టుకున్నారో, ఆయుధం పోయినట్టే. కాగడా వేరేవాళ్లకివ్వండి.

డిఫెన్సివ్ ఫీల్డ్ ఎప్పుడు వాడాలి?

యుద్ధం మొదట్లోనే. బోనస్ యాక్షన్‌తో (వంతులో యాక్షన్ కాక దొరికే చిన్న పని) మీ ఆర్టిఫిసర్ లెవెల్ అంత తాత్కాలిక హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) వస్తాయి. రోజుకి ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే శిక్షణ బోనస్) ఎంతో అన్నిసార్లు, అంటే ఐదో లెవెల్లో మూడుసార్లు ఐదేసి పాయింట్లు. పెద్ద సంగతేమీ కాదు. ఒకదాని మీద ఒకటి కలవవు, కాబట్టి ఉన్నవి అయ్యాకే మళ్లీ వాడండి. అయినా ఆర్టిఫిసర్ హిట్ డై (హిట్ పాయింట్ల కోసం వేసే డైస్) డీ8, అంటే ఎనిమిది ముఖాలది మాత్రమే, కాన్‌స్టిట్యూషన్ 14తో ఐదో లెవెల్లో సగటున 38 హిట్ పాయింట్లు. అదే ఫైటర్‌కి 44. ఆ తేడా పూడ్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

షీల్డ్ మంత్రం లిస్టులో కనిపించడం లేదు. పుస్తకం తప్పా?

తప్పు కాదు, నిజంగానే లేదు. ఆర్టిఫిసర్ మామూలు లిస్టులోనూ లేదు, ఆర్మరర్‌కి అదనంగా వచ్చే వాటిలోనూ లేదు. సాటి శాఖలు బ్యాటిల్ స్మిత్‌కీ ఆర్టిలరిస్ట్‌కీ ఇచ్చి, కవచాలవాడికి ఇవ్వకపోవడం నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది. మీకొచ్చేవి మూడో లెవెల్లో మ్యాజిక్ మిసైల్, థండర్‌వేవ్, ఐదులో మిర్రర్ ఇమేజ్, షాటర్. మామూలు లిస్టులోంచి అబ్జార్బ్ ఎలిమెంట్స్, శాంక్చువరీ (శత్రువు కొట్టడానికి వెనకాడేలా చేసేది) తీసుకోండి. శాంక్చువరీ మీ మీద వేసుకుంటే మీ మొదటి దెబ్బతో పోతుంది. వైద్యం చేస్తూ వెనకాల ఉండే క్లెరిక్ మీద వేయండి.

డ్రాగన్ ఊపిరి వదిలితే గాంట్లెట్ కాపాడుతుందా?

లేదు. గాంట్లెట్ డిస్‌అడ్వాంటేజ్ అటాక్ రోల్స్‌కే. సేవింగ్ త్రో (సేవ్ అన్నా అదే, ప్రమాదం తప్పించుకోవడానికి వేసే డైస్) అడిగేవి, అంటే డ్రాగన్ ఊపిరి, ఫైర్‌బాల్ లాంటివి, దానికి అందవు. ఇక్కడ ఏడో లెవెల్లో వచ్చే ఫ్లాష్ ఆఫ్ జీనియస్ చూడండి. 30 అడుగుల్లో ఉన్నవాళ్లెవరైనా సేవ్ వేస్తే రియాక్షన్‌తో మీ తెలివి బోనస్ కలపొచ్చు. తెలివి 18 అయితే +4, రోజుకి నాలుగుసార్లు. నా అభిప్రాయం అడిగితే ఈ క్లాసు మొత్తంలో తోటివాళ్లని అసలు కాపాడేది ఇదే. గాంట్లెట్లకి చప్పుడెక్కువ కాబట్టి పేరు వాటికి వస్తుంది. డైస్ పడ్డ వెంటనే "ఆగండి, నాలుగు కలపండి" అనడం అలవాటు చేసుకోండి. మాటల్లో పడి మర్చిపోతే మళ్లీ వెనక్కి తిప్పను.

రాత్రి నిద్రలో దాడి జరిగితే?

మిగతా బరువు కవచాలవాళ్లు ఏడ్చే చోట ఆర్మరర్ నవ్వుతాడు. మామూలు బరువు కవచం తొడుక్కోవడానికి 10 నిమిషాలు పడుతుంది. యుద్ధంలో ఒక రౌండు 6 సెకన్లు, అంటే 100 రౌండ్లు. ఏ యుద్ధమూ అంతసేపు సాగదు. కవచంతోనే పడుకుంటే జనాథర్స్ గైడ్ రూల్ ప్రకారం పొద్దున్నకి ఖర్చయిన హిట్ డైస్‌లో పావు వంతే తిరిగొస్తాయి, అలసట తగ్గదు.

ఆర్కేన్ ఆర్మర్ వేసుకోవడానికి ఒక్క యాక్షన్, తీయడానికి ఒక్క యాక్షన్. ఒకసారి మా వాళ్లు ఏటి ఒడ్డున గుడారాలు వేసుకున్నారు. నడిరేయి గోబ్లిన్లు పడ్డాయి. పాలడిన్ చొక్కా మీదే కత్తి పట్టుకుని బయటికొచ్చాడు, ఏసీ 10. ఆర్మరర్ దుప్పటి తన్ని, నేల మీదున్న రేకుల మీద చెయ్యి వేశాడు. ఒక్కొక్కటే ఎగిరొచ్చి ఒంటికి అతుక్కున్నట్టు ఆటగాడు చేతులతో చూపించాడు, ముంజేయి, భుజం, ఛాతీ, ఆఖరికి తల మీద హెల్మెట్ దిగిన చప్పుడు నోటితో. ఆ వంతు దానికే అయిపోయింది, కొట్టడానికి మిగల్లేదు. పై వంతు నుంచి గుడారాల మధ్య నిలబడి పాలడిన్‌నే కాచుకొచ్చాడు.

ఎవరైనా హీట్ మెటల్ వేస్తే చచ్చినట్టేనా?

మామూలువాళ్లకి దాదాపు అంతే. ఒంటి మీది లోహాన్ని కాల్చే ఆ మంత్రం ఒక నిమిషం దాకా ఉంటుంది, వంతుకి 2డీ8 (రెండు డీ8లు కలిపినంత) కాలుతుంది, బరువు కవచం తీయడానికేమో 5 నిమిషాలు. మీరు ఒక్క యాక్షన్‌లో తీసేయొచ్చు. తర్వాత లోపలి బట్టలతో యుద్ధంలో నిలబడి ఉంటారు, గాంట్లెట్లు కూడా ఉండవు. అందుకని ముందు ఆ మంత్రం వేసినవాడి మీద విజర్డ్‌ని మ్యాజిక్ మిసైల్ వేయమనండి. వాడి కాన్‌సన్‌ట్రేషన్ (మంత్రం నిలబెట్టే ఏకాగ్రత) పోతే వేడీ పోతుంది.

బుడితి ఇత్తడితో కవచం చేసుకున్నానని రాసుకోవచ్చా?

రాసుకోండి, నాకు చాలా ఇష్టం. మా టేబుల్లో ఒక పాత్ర అలాగే పుట్టింది. ఇత్తడి, కంచు సామానుకి పేరున్న శ్రీకాకుళం జిల్లా బుడితి లాంటి ఊళ్లో పుట్టినవాడు. ఇంట్లో అందరూ బిందెలూ గంటలూ చేస్తే వీడు ఛాతీ కవచం చేశాడని వాళ్ల నాన్నకి కోపం.

ఉక్కుతో పోలిస్తే ఇత్తడి మెత్తన, నిజంగా యుద్ధాల్లో వాడిన ప్లేట్ కవచాలు ఉక్కువే. ఆర్కేన్ ఆర్మర్‌కి ఏ లోహమన్న పట్టింపు లేదు కాబట్టి ఏసీ తగ్గించను. పైగా ఒక లాభం ఉంది. రస్ట్ మాన్‌స్టర్ అని ఒక పురుగుంది, మీసాలు తగిలిస్తే ఇనుము తుప్పు పట్టిపోతుంది, ఏసీ శాశ్వతంగా పడిపోతుంది. అది తినేది మంత్రం లేని ఇనుమునే. ఇత్తడి దానికి అక్కర్లేదు. ఉక్కు కవచమైతే ఏదో ఒక ఇన్‌ఫ్యూజన్ పెట్టి ఉంచండి, అప్పుడది మ్యాజిక్ వస్తువు అవుతుంది, పురుగు ముట్టుకోదు.

మన ఎండల్లో ప్లేట్ కవచమా?

బొబ్బిలి నుంచి మే నెలలో మధ్యాహ్నం రైల్లో వచ్చిన మనిషి అడిగిన ప్రశ్న ఇది. రూల్ ఉంది. వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 38 సెల్సియస్‌కి చేరి, తాగడానికి నీళ్లు లేకపోతే గంటకోసారి కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. మొదటి గంటకి 5 వస్తే చాలు, తర్వాత గంటగంటకీ ఒకటి పెరుగుతుంది. మధ్యస్థ కవచం, బరువు కవచం వేసుకున్నవాళ్లకి డిస్‌అడ్వాంటేజ్. ఆర్మరర్‌కి కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో ప్రొఫిషియెన్సీ ఉంది కాబట్టి కాస్త నయం. నీళ్లుంటే ఈ గొడవే లేదు. హెల్మెట్ బోనస్ యాక్షన్‌తో లోపలికి ముడుచుకుంటుంది, దారిలో అలా నడవండి.

నిజం ప్లేట్ కవచాలు పుస్తకంలో అన్నంత బరువు కావు. 65 పౌండ్లంటే దాదాపు 30 కిలోలు. యూరప్‌లో యుద్ధానికి వేసుకున్నవి ఎక్కువగా 15 నుంచి 25 కిలోల మధ్య ఉండేవి. బరువు ఒళ్లంతా పరుచుకునేది కాబట్టి తొడుక్కున్నవాడు పరుగెత్తగలడు, పడితే లేవగలడు. వెల్లకిలా పడితే తాబేలులా కొట్టుకుంటాడన్నది సినిమాల మహిమ.

నా పాత్రకి ఒక చెయ్యి లేదు. ఆర్మరర్ ఆడొచ్చా?

హాయిగా. ఆర్కేన్ ఆర్మర్ లేని అవయవం స్థానంలో తనే అవయవమై, అసలుదానిలాగే పనిచేస్తుందని రూల్స్‌లోనే రాసి ఉంది. గాంట్లెట్ ఆ చేతికే పెట్టుకోవచ్చు. కవచం మీ ఇష్టం లేకుండా ఎవరూ ఊడదీయలేరు కూడా. చెయ్యి ఎలా పోయిందో మాత్రం ముందే నాకు చెప్పండి, కథలో ఎక్కడో ఒకచోట వాడుకుంటాను.

తొమ్మిదో లెవెల్లో ఏదో పెద్ద మార్పు ఉందంటారు. ఏంటది?

అప్పటిదాకా కవచం మొత్తానికి ఒక్క ఇన్‌ఫ్యూజనే. తొమ్మిదిలో అది నాలుగు ముక్కలవుతుంది, ఛాతీ భాగం, బూట్లు, హెల్మెట్, ప్రత్యేక ఆయుధం. ఒక్కోదానికి ఒక్కోటి పెట్టుకోవచ్చు. అదనంగా రెండు వస్తువులకి ఇన్‌ఫ్యూజన్ చేసే వీలు కూడా వస్తుంది, ఆ రెండూ కవచం ముక్కలే అయి ఉండాలి. గాంట్లెట్‌కి ఎన్‌హాన్స్‌డ్ వెపన్ ఇన్‌ఫ్యూజన్ పెట్టగలిగేది ఇప్పుడే. అంతకుముందు పెడతానంటే ఒప్పుకోను, చాలామంది ప్రయత్నించారు.

డాలు వేరే వస్తువు కాబట్టి దాని లెక్క వేరు. ఆరో లెవెల్ నుంచి రిపల్షన్ షీల్డ్ దొరుకుతుంది. ఏసీకి ఇంకో 1 కలుస్తుంది, దగ్గర నుంచి కొట్టినవాడిని రియాక్షన్‌తో 15 అడుగులు వెనక్కి నెట్టొచ్చు. ఏసీ 22 అవుతుంది. కానీ కాచేవాడికి శత్రువుని నెట్టేయడం ఎప్పుడూ మంచిది కాదు. నెట్టినవాడు ఖాళీగా ఉన్న విజర్డ్ వైపే తిరగొచ్చు. మెట్ల అంచునో నూతి పక్కనో ఉన్నప్పుడు నెట్టండి, అప్పుడు చూడండి మజా.

పదిహేనో లెవెల్?

శత్రువు 30 అడుగుల్లో తన వంతు ముగిస్తే, సేవ్ తప్పితే మీ పక్కకే లాక్కొచ్చేసుకుని, ఒక దెబ్బ కూడా వేయొచ్చు. పారిపోయేవాడికి దారి ఉండదు. అంతవరకు మా ఆటలు సాగడం అరుదు.

బూమింగ్ బ్లేడ్ గాంట్లెట్‌తో వేయొచ్చా?

బూమింగ్ బ్లేడ్ అంటే ఆయుధంతో కొడుతూ వేసే మంత్రం, దానికి కనీసం ఒక వెండి నాణెం విలువైన ఆయుధం కావాలి. గాంట్లెట్‌కి పుస్తకం వెల కట్టలేదు. నేను ఒప్పుకోను. వేరే డీఎం ఒప్పుకుంటే అక్కడ వేసుకోండి.

దీనికన్నా పాలడిన్ నయం కదా?

దెబ్బ పెద్దగా కొట్టడానికి నయమే. ఫైటర్ ఇంకా తేలిక, కొత్తవాళ్లకి లెక్కలు తక్కువ. ఆర్మరర్‌కి ప్రతి లాంగ్ రెస్ట్ తర్వాతా ఇన్‌ఫ్యూజన్లు ఎక్కడ పెట్టాలి, ఏ మంత్రాలు సిద్ధం చేసుకోవాలి, ఏ మోడల్‌లో ఉండాలి అని ఆలోచించాలి. అది చిరాకనిపిస్తే వేరే క్లాసు తీసుకోండి. సెషన్‌కి ముందు శనివారం రాత్రి నోట్‌బుక్ తీసి ఇవన్నీ రాసుకోవడమే సరదా అనిపించేవాళ్లకి దీన్ని మించింది లేదు.

బొబ్బిలి యుద్ధం నేపథ్యంగా ఒక కథ ఆడిస్తారా?

చాలాసార్లు అడిగారు. కోట ముట్టడి ఆడిస్తాను, ఫిరంగులు పెడతాను, కాచేవాళ్లు కొద్దిమందీ వచ్చేవాళ్లు వేలల్లో ఉండేలా చూస్తాను. గార్డియన్‌కి అంతకన్నా మంచి రంగం దొరకదు. కానీ 1757 జనవరి 24న ఆ కోటలో ఆడవాళ్లూ పిల్లలూ పోయారు. ఆ పేర్లతో, ఆ రోజుతో డైస్ ఆడటం నాకిష్టం లేదు. ఊరి పేర్లు మార్చి ఆడదాం. పైగా మా టేబుల్లో విజయనగరం వాళ్లూ బొబ్బిలి వాళ్లూ ఒకే ఆట జట్టులో ఉన్నారు. సమోసాల దగ్గరే ఆ గొడవ ఒక కొలిక్కి రావడం లేదు, ఆటలోకి కూడా ఎందుకు?

కొత్తగా వస్తే ఏం తెచ్చుకోవాలి? ఎప్పుడు రావాలి?

పెన్సిల్, రబ్బరు, ఒక నోట్‌బుక్. హిట్ పాయింట్లు పెన్నుతో రాయకండి. ఏడు డైస్‌ల సెట్టు ఆన్‌లైన్లో దొరుకుతుంది, లేకపోతే నా దగ్గర అదనంగా ఉంది. ఇన్‌ఫ్యూజన్ల కోసం క్యారెక్టర్ షీట్ వెనక ఖాళీ పేజీ ఒకటి వదలండి. పైడితల్లి అమ్మవారి పండుగ తొలేళ్లు, సిరిమాను వచ్చే వారం ముందరి ఆదివారం ఆట ఉండదు, ఊళ్లో ఎవరింట్లో చూసినా చుట్టాలే. మిగతా ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడతాం. సాయంత్రం ఆమదాలవలస వాళ్లకి రైలు ఉంటుంది, అందుకని యుద్ధం మధ్యలో ఉన్నా ఆ వేళకి ఆపేస్తాను. ఎవరి హిట్ పాయింట్లు ఎన్నో, డిఫెన్సివ్ ఫీల్డ్ ఎన్నిసార్లు మిగిలిందో వెళ్లేముందు రాసుకుని వెళ్లండి.